మాను లోపలి బీట



మానును కొట్టి కోత మిల్లుకు తోలినవారు ఈ వింత చూసే ఉంటారు. పైకి చూస్తే దుంగ నున్నగా, నిటారుగా ఉంటుంది. ఎక్కడా తొర్ర లేదు, పుచ్చు లేదు. తీరా రంపం కింద పెట్టేసరికి లోపల గుండ్రంగా ఒక బీట కనబడుతుంది. ఉల్లిపాయ పొర ఊడినట్లు ఒక పొర నుంచి మరొక పొర విడివడి వస్తుంది. కొన్ని దుంగల్లో ఆ బీట వెంబడి చెక్క తడిగా, నల్లగా ఉండి, పులిసిన కుడితి వాసన కొడుతుంది. వడ్రంగి ఒకసారి వాసన చూసి తల అడ్డంగా తిప్పుతాడు. దూలానికి పనికిరాదు, వంటచెరకు ధరకు ఇచ్చుకోవలసిందే.

నిలిచి ఉన్న పచ్చని చెట్టులో ఈ బీట ఎలా పుట్టింది? అందులో బాక్టీరియా అనే సూక్ష్మజీవుల పాత్ర యెంత? ఇది తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేళ్లు పట్టింది. ఆ కథ చెప్పడానికి నాకు సొంత కారణం కూడా ఒకటి కలదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన తన పెరటి మామిడిని చూపించాడు. వాళ్ల నాన్న నాటిన చెట్టు. పంగ దగ్గర నుంచి నల్లని నీరు కారి మాను మీద చారలు కట్టింది. నేనొక పాత పుస్తకంలో చదివిన ఉపాయం గుర్తుకు తెచ్చుకుని, బరమాతో మాను లోపలి దాకా చిల్లు వేయించి, ఇనుప గొట్టం పెట్టించాను. నీరు ధారగా దిగింది. చుట్టూ చేరినవాళ్లు మెచ్చుకున్నారు. ఆరేళ్ల తరువాత గాలివానకు ఆ చెట్టు సరిగ్గా ఆ చిల్లు దగ్గరే విరిగి పశువుల పాక మీద పడింది. దూడ ఒకటి పోయింది. పెద్దాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "బాబూ, ఆ చిల్లు వేయకపోతే ఏమయ్యేది?" అని మాత్రం అడిగాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం వెతికితే ఆ ఉపాయం పుట్టిన చోటు అమెరికా అని తెలిసింది. అక్కడ 1880 నాటికే ఇల్లినాయిస్ రాష్ట్రంలో బర్రిల్ అనే ఆచార్యుడు పియర్ పండ్ల చెట్లను మాడ్చే తెగులుకు బాక్టీరియా కారణమని చెప్పాడు. మనుషులకూ పశువులకూ వచ్చినట్లే మొక్కలకు కూడా బాక్టీరియా వల్ల రోగం వస్తుందని లోకానికి తెలిసింది అలాగే. అది మొదలు చెట్టుకు ఏమి జరిగినా ముందుగా సూక్ష్మజీవి మీదనే అనుమానం పోయేది.

1907లో కాన్సాస్ రాష్ట్రంలో బుషాంగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కాటన్‌వుడ్ అనే పాప్లర్ జాతి చెట్టును కొట్టినప్పుడు, కోసిన చోట నీటితో పాటు బుడగలు రావడం గమనించాడు. అగ్గిపుల్ల గీస్తే అది నీలి మంటతో మండింది! పరీక్షించి చూస్తే అందులో మీథేన్ ఉన్నది. పేడ గుంతలో, గోబర్ గ్యాస్ తొట్టిలో పుట్టే వాయువే అది. పచ్చని చెట్టు మధ్యలో అది ఎలా పుట్టిందన్నది అప్పటికి తేలలేదు.

ఆ తరువాత 1945లో ఇల్లినాయిస్ ప్రకృతి పరిశోధనా సంస్థలో పనిచేసే కార్టర్ అనే శాస్త్రజ్ఞుడు ఎల్మ్ చెట్ల మీద పెద్ద పరిశోధన ప్రకటించాడు. మన నెమలినార చెట్టు ఈ ఎల్మ్ కుటుంబానికి చెందినదే. ఆ చెట్ల నడి చెక్క ఎప్పుడూ నీటితో నానినట్లుండేది. దానికి తడిచెక్క అని పేరు. కార్టర్ అందులో నుంచి ఒక బాక్టీరియాను వేరుచేసి, ఎర్వీనియా నిమిప్రెషురాలిస్ అని పేరు పెట్టాడు. అతి ఒత్తిడి కలిగించేది అని ఆ పేరులోని భావం. ఈ జీవి చెట్టు రసాన్ని పులియబెట్టి వాయువు పుట్టిస్తుంది. ఆ వాయువుకు బయటికి దారి లేక మానులో ఒత్తిడి పెరుగుతుంది. ఒక చెట్టులో అది చదరపు అంగుళానికి 60 పౌన్లకు చేరింది. సైకిల్ ట్యూబులో గట్టిగా గాలి కొడితే ఉండే ఒత్తిడి అది. ఆ తోపుడుకు పులిసిన నీరు పంగల నుంచి, బీటల నుంచి, కొమ్మ నరికిన మోళ్ల నుంచి పైకి కారుతుంది.

ఒత్తిడి వల్ల బాధ కనుక ఒత్తిడి తీసివేయాలని కార్టర్ తలచాడు. మానుకు చిల్లు వేసి గొట్టం పెట్టమన్నాడు. ఆనాటికి తెలిసిన దానిని బట్టి అది సబబుగానే తోచింది. ఏళ్ల తరబడి తోటమాలులు ఆ పనే చేశారు. ఆ పుస్తకమే కాలం గడిచాక నా చేతికీ వచ్చింది.

1972లో అమెరికా అటవీ శాఖ వారి మాడిసన్ ప్రయోగశాలలో వార్డ్, ఆయన తోటివారు ఎర్ర ఓక్ కలపను పరిశీలించారు. బాక్టీరియా సోకిన పలకలను ఆరబెట్టే కొలిమి గదిలో పెట్టగా అవి లోపల తేనెపట్టులా చీలిపోయాయి, పొరల వెంట విడివడ్డాయి. దీనికి కారణం వినండి. చెక్కలో కణానికీ కణానికీ నడుమ జిగురు వంటి పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. గోడలో ఇటుకలకు అడుసు ఎలాగో దానికిది అలాగ. గాలి సోకని తావున బ్రతికే కొన్ని బాక్టీరియాలు ఆ పదార్థాన్ని తినివేస్తాయి. ఇటుకలన్నీ అలాగే ఉంటాయి గాని గోడకు పట్టు పోతుంది. ఆ పిమ్మట గాలికి మాను ఊగినా, చలికి ముడుచుకున్నా, కోసిన చెక్క ఆరినా అక్కడే విచ్చుకుంటుంది. 1974లో జైకస్ అనే శాస్త్రజ్ఞుడూ ఇదే వార్డూ కలిసి, బుషాంగ్ చూసిన మీథేన్ కూడా మాను లోపలి సూక్ష్మజీవుల పనియేనని నిరూపించారు. మీథేన్ చేసే ఆ జీవులను ఇప్పుడు బాక్టీరియాలో చేర్చరు. ఆర్కియా అని వేరే తెగగా లెక్కిస్తారు.

అయితే ఇంత పని చేసే బాక్టీరియా అసలు లోపలికి ఎలా పోయింది?

దీనికి జవాబు చెప్పినవాడు అదే అటవీ శాఖకు చెందిన అలెక్స్ షైగో. అంతకుముందు చాలామంది మానును అడ్డంగా కోసి చూసేవారు. 1959లో ఉద్యోగంలో చేరిన షైగో మర రంపం పట్టి, మానులను నిలువునా చీల్చి చూశాడు. వేలకొలది చెట్లను అలా పరీక్షించి, 1977లో తన సిద్ధాంతాన్ని చిన్న పుస్తకంగా వెలువరించాడు. మన చర్మం మీద గాయం మానినట్లు చెట్టుకు గాయం మానదు. చెట్టు ఆ గాయపడిన చెక్కను గోడ కట్టి వేరుచేస్తుంది, దాని చుట్టూ కొత్త చెక్క పెంచుకుంటుంది. రోగం పాత గదిలోనే ఉండిపోతుంది. ఈ గోడ సూక్ష్మజీవులకు గట్టి అడ్డు. కాని బరువుకూ ఊపుకూ మాత్రం బలహీనమైనది. అందువల్లనే గుండ్రని బీట తరచుగా ఆ గోడ వెంబడే సాగుతుంది.

1981లో జర్మనీకి చెందిన బూటిన్, షైగో కలిసి ఓక్ చెట్లలోని నిలువు బీటలను చీల్చి చూశారు. అవి చలి వల్ల పుట్టినవని అందరూ అనుకునేవారు. చూస్తే వాటి మొదట్లో ఒక పాత గాయమో, ఎండిన కొమ్మ మోడో ఉన్నది. చలి ఆ బీటను పెంచింది గాని పుట్టించలేదు.

కాబట్టి వరుస ఇది: ముందు గాయం, ఆ దారిన బాక్టీరియా, దానికి అడ్డుగా చెట్టు కట్టిన గోడ, పట్టు సడలిన చోట బీట. ఇక చిల్లు సంగతి. తడిచెక్కలో నీరు నిండి ఉంటుంది, గాలి ఆడదు. అందువల్ల మానును నిజంగా కుళ్లబెట్టే శిలీంధ్రాలకు అక్కడ బ్రతుకు కష్టం. బరమా దింపితే చెట్టు కట్టుకున్న గోడ తెగుతుంది, గాలి లోపలికి పోతుంది, కుళ్లుకు తలుపు తీసినట్లవుతుంది. నేను ఆ మామిడికి చేసింది అదే.

రైతులు గుర్తుంచుకోవలసినది కొంచెమే. మాను మొదలుకు నాగలి కర్రు గాని, ట్రాక్టరు గాని తగలనీయవద్దు. చెట్టుకు మేకులు కొట్టవద్దు, తీగ బిగించి కట్టవద్దు, మొదట్లో చెత్త తగలబెట్టవద్దు. కొమ్మ తీయాలంటే సన్నగా ఉన్నప్పుడే తీయండి. కొమ్మ మొదట ఉబ్బుగా కనిపించే మెడను కోయకుండా, పొడవైన మోడు మిగల్చకుండా రంపంతో కోయండి. నల్లనీరు కారితే కారనివ్వండి, చిల్లు మాత్రం వేయవద్దు. అయితే కారేదంతా ఇదే అనుకోకండి. కొబ్బరి మానుకు ఎర్రగా కారేది శిలీంధ్రం తెచ్చే తెగులు, దాని వైద్యం వేరు. పెద్ద బీట ఉన్న మాను ఇంటి మీదికో పాక మీదికో వాలి ఉంటే, ఆశ చంపుకుని ముందుగానే తీసివేయండి.

ఈ సంగతులన్నీ తెలుసుకున్నాక మళ్లీ ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. చిల్లు వేయకపోతే ఆ చెట్టు నీరు కారుతూనే మరికొన్నేళ్లు నిలిచి ఉండేదేమో అని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, పెరట్లో కొత్తగా నాటిన మామిడి మొక్క దగ్గరికి తీసుకుపోయాడు. దాని చుట్టూ మేకలు తాకకుండా ముళ్లకంప కట్టి ఉన్నది.

"దీనికి గాయం కానివ్వను లే బాబూ" అన్నాడు.