సౌష్ఠవ ఇంగ్లిష్ ఆరంభం (ఉత్తరాల చదరంగంలో)

తెల్ల ఆటగాడు సి4తో ఆట మొదలుపెడితే నల్ల ఆటగాడు అద్దంలో బొమ్మలా సి5 ఆడే ఆరంభం. ఆరంభాల వర్గీకరణలో దీని సంకేతాలు ఎ30 నుంచి ఎ39 వరకు. 'ఇంగ్లిష్' అన్న పేరు 1843లో పారిస్‌లో ఫ్రెంచ్ ఆటగాడు సెంటమాతో జరిగిన పోటీలో ఇంగ్లండ్ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ సి4 ఆడడం వల్ల వచ్చిందంటారు.

ఉత్తరాల మీద చదరంగం ఎప్పుడు మొదలైందన్నది వివాదాస్పదం. వోల్టేర్, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ అలా ఆడారన్న మాట పుస్తకం నుంచి పుస్తకానికి పాకిందే గాని, దానికి గట్టి ఆధారం లేదు. 1804లో హేగ్‌లోని మోవియాన్ అనే సైనికాధికారి బ్రెడాలో ఉన్న తోటి అధికారితో ఆడిన ఆటలకు ఎత్తులు మిగిలాయి కాబట్టి వాటినే తొలివిగా ఎంచడం మేలు. మన వైపు మద్రాసు, హైదరాబాదుల మధ్య నడిచిన ఆటలు గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్‌ల 1829 నాటి పుస్తకంలో ఉన్నాయి. అయితే ఆ పుస్తకంలో ప్రధాన చర్చ ముజియో గాంబిట్ అనే మరో ఆరంభం గురించి. మన ఆరంభానికి అది చాలా దూరం.

ఒకరి భాష ఒకరికి రాని ఆటగాళ్ల కోసం అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య (1951) కార్డుల మీద ప్రతి ఎత్తునూ నాలుగంకెల్లో రాసేవారు. మొదటి రెండంకెలు పావు బయలుదేరిన గడి, తర్వాతి రెండూ చేరిన గడి. సి మూడో నిలువు వరస కాబట్టి సి4 అంటే 3234, సి5 అంటే 3735. ఈ ఆరంభం స్వభావం ఇక్కడ బాగా తెలుస్తుంది: ఒకటో అంకె, మూడో అంకె మారవు, రెండో అంకెలు కలిపినా, నాలుగో అంకెలు కలిపినా తొమ్మిదే. గుర్రాలకు 2133, 2836. కోట కట్టడానికి 5171, 5878. ఇలా ఆరు ఎత్తులదాకా సాగవచ్చు. ఏడో ఎత్తులో తెల్ల బంటు డి4కు (4244) దూకితే, నల్ల బంటు దాన్ని కొట్టేసరికి (3544) లెక్క తప్పుతుంది.

టపా ఆటల్లో పది ఎత్తులకు సాధారణంగా 30 రోజుల గడువు ఉండేది. టపా ప్రయాణకాలం అందులో చేరేది కాదు కాబట్టి ఆట బాగా సాగేది. అందుకే 'నువ్వు ఇది ఆడితే నాది ఇది' అని షరతు ఎత్తులు ముందే రాసి పంపేవారు. అద్దం ఎత్తుల్లో ఇది వారాలు ఆదా చేసేది. ఎదుటివాడు ఆ ఎత్తు ఆడితే రాసిన జవాబుకు కట్టుబడాల్సిందే.

సమాఖ్య ఆటల్లో ఇప్పుడు కంప్యూటర్ సాయానికి అనుమతి ఉంది. డ్రాలు బాగా పెరిగాయి. ఆ నింద ఈ ఆరంభం మీదే వేయడం అంత న్యాయం కాదు. నల్ల బంట్లు ఎ6, బి6, డి6, ఇ6 గడుల్లో ముళ్లపందిలా ముడుచుకునే 'హెడ్జ్‌హాగ్' అమరిక ఇందులోనిదే. అక్కడ సౌష్ఠవం మిగలదు, పోరు చాలాసేపు సాగుతుంది.