వెర్నర్ ఫోర్స్‌మన్

వెర్నర్ ఫోర్స్‌మన్ (1904 ఆగస్టు 29 – 1979 జూన్ 1) జర్మన్ యూరాలజిస్టు. 1956లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నది మాత్రం గుండెపై చేసిన పనికి.

బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. 1922లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. చదువు ముగిశాక శస్త్రచికిత్స శిక్షణకు బెర్లిన్ దగ్గరి ఎబర్స్‌వాల్డెలో ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లాడు.

ఆ రోజుల్లో అత్యవసరంగా గుండెలోకి మందు ఎక్కించాలంటే ఛాతీలోంచి సూది గుచ్చాల్సిందే. అది ప్రమాదకరం. చేతి సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని ఫోర్స్‌మన్ నమ్మాడు. గుర్రంపై అలాంటి ప్రయోగం అంతకుముందే జరిగిందని ఆయనకు తెలుసు. పై వైద్యుడు ఒప్పుకోలేదు. పరికరాలు గెర్డా డిట్సెన్ అనే నర్సు అధీనంలో ఉండేవి. ప్రయోగం తన మీదే చేయమని ఆమె ముందుకొచ్చింది. ఫోర్స్‌మన్ ఆమెను బల్లకు కట్టి, తన ఎడమ చేతి సిరనే కోసుకుని 65 సెంటీమీటర్ల గొట్టాన్ని లోపలికి తోసుకున్నాడు. అది మూత్రనాళాల కోసం తయారుచేసిన కాథెటర్. తర్వాత నర్సు కట్లు విప్పి, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచాడు. గొట్టం కొస గుండె కుడివైపు చేరినట్టు చిత్రంలో కనిపించింది. నర్సును మభ్యపెట్టడం ఏ కొలతతో చూసినా తప్పే. అయితే ప్రాణాపాయాన్ని రోగి మీద పెట్టకుండా తన మీదే వేసుకున్న తెగువ అసాధారణం.

1929లోనే ఆ ఫలితాన్ని ప్రచురించినా మెప్పు దక్కలేదు. బెర్లిన్ షారిటే ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు సావర్‌బ్రుఖ్ దగ్గర నిలదొక్కుకోలేకపోయాడు. 1933లో యూరాలజీ వైద్యురాలు ఎల్స్‌బెట్ ఎంగెల్‌ను పెళ్లాడాడు. బెర్లిన్‌లోని రుడాల్ఫ్ విర్కో ఆసుపత్రిలో కార్ల్ హాయిష్ వద్ద యూరాలజీ నేర్చుకున్నాడు. నాజీ పార్టీలో 1932లోనే చేరాడు. ఆయన జీవితకథలో దీన్ని దాటేయడం న్యాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి, యుద్ధఖైదీ అయ్యాడు. విడుదలయ్యాక భార్యతో కలిసి పల్లెలో వైద్యం చేశాడు. 1950 నుంచి బాద్ క్రాయిట్స్‌నాహ్‌లో యూరాలజిస్టుగా స్థిరపడ్డాడు.

ఈలోగా అమెరికాలో ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ ఆయన పద్ధతిని గుండె, ఊపిరితిత్తుల జబ్బుల నిర్ధారణకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. 1956 నోబెల్‌ను ముగ్గురూ పంచుకున్నారు. 1958లో ఫోర్స్‌మన్ డ్యూసెల్‌డార్ఫ్‌లోని ఎవాంజెలికల్ ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగానికి అధిపతి అయ్యాడు. ఫోర్స్‌మన్ దంపతులకు ఆరుగురు సంతానం.