విడదీసిన వేళ్లు మళ్లీ కలవకుండా

పుట్టినప్పుడు ఆ బిడ్డ చేతికి అయిదు వేళ్లూ విడివిడిగానే ఉంటాయి. గుప్పిట మూస్తుంది, తెరుస్తుంది, అమ్మ వేలు పట్టుకుంటుంది. కానీ కాస్త రాపిడి తగిలితే చాలు, అక్కడ బొబ్బ లేస్తుంది. బొబ్బ చితికి పుండవుతుంది. పుండు మానుతుంది కానీ, మానిన చోట మచ్చ కట్టి చర్మం బిగుసుకుంటుంది. పక్కపక్క వేళ్ల మీద రెండు పచ్చి పుళ్లుంటే అవి మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఏళ్ల తరబడి ఇదే జరిగితే వేళ్లు అరచేతిలోకి ముడుచుకుంటాయి, బొటనవేలు లోపలికి వాలిపోతుంది, అన్నిటినీ కలిపి ఒకే పొర కప్పేస్తుంది. లోపల అయిదు వేళ్ల ఎముకలూ ఉంటాయి. బయటికి కనిపించేది ఒక ముద్ద.

జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా. ఇంట్లో, ఆసుపత్రిలో అందరూ ఈబీ అంటారు. ఇందులో చాలా రకాలున్నాయి. చేతిని ఇలా మూసేసేది ముఖ్యంగా రిసెసివ్ డిస్ట్రోఫిక్ ఈబీ. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు జన్యు ప్రతులూ లోపంతో వచ్చినప్పుడే ఇది పుడుతుంది. తీవ్రమైన రూపంలో ఇరవై ఏళ్లు నిండేసరికి దాదాపు అందరి చేతులూ మూసుకుపోతాయని, 1986 నుంచి 2002 దాకా అమెరికాలో నడిచిన జాతీయ ఈబీ రిజిస్ట్రీ తేల్చింది.

మూసుకున్న ఆ చేతిని తెరవడం వైద్యులు ఎలా నేర్చుకున్నారన్నదే ఈ కథ. ఇందులో కొన్ని ఘట్టాలు అమెరికాలోని వర్జీనియాలో ఉన్న మా ఆష్‌బర్న్‌కు చాలా దగ్గరివి. మేనరికాలు ఎరిగిన తెలుగు కుటుంబాలు ఇంతమంది ఉన్న ఊళ్లో దీన్ని చెప్పుకోవాలని నాకు బలంగా అనిపిస్తుంది.

వియన్నాలో చర్మవైద్యుడు హెబ్రా 1870లో ఇలాంటి వంశపారంపర్య బొబ్బల జబ్బును వర్ణించాడు. 1886లో మరో వైద్యుడు కోబ్నర్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం పేరు తప్ప వైద్యుల చేతిలో పెద్దగా ఏమీ లేదు. 1962లో షికాగోలో రాబర్ట్ పియర్సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ చర్మాన్ని పరీక్షించి, అన్ని బొబ్బలూ ఒకే లోతులో చీలడం లేదని చూపించాడు. కొందరిలో చర్మం పైపొర లోపలే చీలుతోంది. మచ్చలు కట్టే రకంలో చీలిక ఇంకా కింద, పైపొరను లోపలి పొరకు పట్టి ఉంచే చోట వస్తోంది. మచ్చ ఎందుకు కడుతుందో దీంతో కొంత అర్థమైంది. ఆ చోట ఏది లోపించిందో మాత్రం తెలియలేదు.

శస్త్రవైద్యులు ఆ జవాబు కోసం ఆగలేదు. ఆగడానికి పిల్లలకు వ్యవధి లేదు. 1971లో హార్నర్, ఆయన సహచరులు అమెరికా ఎముకల శస్త్రవైద్య పత్రికలో ఈ చేతుల గురించి రాశారు. 1983లో గ్రైడర్, ఏడ్రియన్ ఫ్లాట్ కలిసి మరో వ్యాసం రాశారు. ఈ ఫ్లాట్ చేతుల కోసమే బతికిన మనిషి. పేరున్నవాళ్ల చేతులకు ఆయన పోయించిన కంచు అచ్చులు ఇప్పటికీ డాలస్‌లోని బేలర్ ఆసుపత్రిలో ఉన్నాయి. అక్కడ ఉండే మనవాళ్లు ఒకసారి వెళ్లి చూడవలసినవి.

ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పాలి. ముందు మత్తు ఇవ్వడమే కష్టం. ఈ పిల్లలకు నోరు, గొంతు కూడా మచ్చలతో ఇరుకైపోతాయి. ఊపిరి గొట్టం జాగ్రత్తగా దించాలి. దాన్ని టేపుతో అంటించకూడదు, టేపు తీస్తే చర్మం దాంతోపాటే వస్తుంది. గుండె చప్పుడు చూసే పట్టీలు, సెలైన్ సూది, రక్తపోటు పట్టా, దేని కింద చూసినా మెత్తని గుడ్డో సిలికాన్ పొరో ఉండాలి. తర్వాత చేతిని కప్పిన పొరను మెల్లగా ఒలుస్తారు. వేళ్ల మధ్య అతుకు చాలాచోట్ల పైపైనే ఉంటుంది, కత్తి అంతగా అక్కర్లేదు, మొద్దు పనిముట్టుతో నెమ్మదిగా నెడితే విడిపోతుంది. కష్టమైన పని ఆ తర్వాత మొదలవుతుంది. అరచేతి వైపు ఏళ్లుగా బిగుసుకున్న మచ్చను కోసి వేళ్లను చాపాలి. నరాలూ రక్తనాళాలూ కూడా ఆ వంపుకే అలవాటుపడి పొట్టిబడి ఉంటాయి. ఎక్కువ చాపితే వేలికి రక్తం అందదు. చాపినంత మేరకు నిలవడానికి కొన్నిసార్లు సన్నని తీగలు గుచ్చుతారు. అన్నిటికన్నా ముందు చూసేది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జాగా. అది తెరుచుకుంటేనే చెంచా, పెన్ను, ఫోను.

ఇంత చేసినా మామూలుగా రెండు నుంచి అయిదేళ్లలో వేళ్లు మళ్లీ ముడుచుకునేవి. ఎక్కువ వాడే చెయ్యి ఇంకా ముందే ముడుచుకునేది. న్యూయార్క్ వైద్యులు 1995లో రాసిన వ్యాసంలో 25 మంది ఈబీ రోగులకు చేతులతో సహా 110 శస్త్రచికిత్సల లెక్క ఉంది. మనిషికి నాలుగు దాటింది.

జబ్బుకు అసలు కారణం మరో దారిలో దొరికింది. ఫ్లాట్ వ్యాసం వచ్చిన 1983లోనే, మాయపొరల నుంచి ఒక కొత్త కొలాజెన్‌ను వేరుచేసిన సంగతి రాబర్ట్ బర్గెసన్ బృందం ప్రకటించింది. దానికి ఏడో రకం అని పేరుపెట్టారు. చర్మపు పై పొరనూ కింది పొరనూ కలిపి పట్టే పోగులు దీంతోనే తయారవుతాయని 1986లో తేలింది. బొంతలో రెండు గుడ్డల్నీ కలిపి కుట్టిన కుట్లలాంటివి అవి. కుట్టు లేకపోతే పై గుడ్డ జారిపోతుంది. 1993లో, ఆష్‌బర్న్ నుంచి కారులో మూడు గంటల దూరంలోని ఫిలడెల్ఫియాలో యూని ఉయిటో, ఏంజెలా క్రిస్టియానోల బృందం, ఫ్రాన్స్‌లో మరో బృందం, ఆ కొలాజెన్ జన్యువులోనే లోపముందని చూపించాయి. దానికి రెండేళ్ల ముందు, 1991లో, తేలిక రకం ఈబీకి కెరాటిన్ జన్యువు కారణమని ఇలేన్ ఫుక్స్ కనుక్కుంది. ఆమె పరిశోధనకు అండగా నిలిచిన హోవర్డ్ హ్యూస్ సంస్థే తర్వాత 2006లో పొటోమాక్ ఒడ్డున మా ఊళ్లో జనీలియా పరిశోధన కేంద్రం తెరిచింది.

శస్త్రవైద్యుల ముందున్న చిక్కు మాత్రం ఇంకొకటి. వేళ్లు విడదీస్తే మధ్యలో పచ్చి పుండు మిగులుతుంది. కప్పకపోతే మళ్లీ అతుక్కుంటుంది. కప్పడానికి తొడ నుంచి చర్మం తీస్తే, అదీ అదే జబ్బున్న చర్మం, తీసిన చోట కొత్త పుండు. ఆస్ట్రేలియా వైద్యుడు మార్క్ ఐజెన్‌బర్గ్ ఇక్కడ వేరేలా ఆలోచించాడు. ఆవు కొలాజెన్‌తో చేసిన స్పాంజి మీద వేరే శిశువుల చర్మకణాలను పెంచి, ఆ పొరను పుండు మీద పరిచాడు. అది శాశ్వతంగా నాటుకోదు. పుండు తొందరగా మానేలా సాయపడుతుంది, అంతే. పిల్లల చేతుల మీద దాన్ని వాడిన అనుభవాన్ని 1998లో ప్రచురించాడు. ఆర్సెల్ పేరుతో ఆ పొరకు 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, సరిగ్గా ఈబీ చేతి ఆపరేషన్లకే. అప్పట్లో ఏడాదికి నాలుగు వేలకన్నా తక్కువమందికి వచ్చే అరుదైన జబ్బుల పరికరాలకు ఇచ్చిన ప్రత్యేక అనుమతి అది. ముడుచుకున్న చేతుల కోసమే ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు కదిలిందంటే నాకు అది చిన్న విషయం కాదు.

అయినా చేతిని తెరిచి ఉంచింది కత్తీ కాదు, ఆ పొరా కాదు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఆపరేషన్ గది బయట జరిగింది. వేళ్ల మధ్య విడివిడిగా కట్టే కట్లు, చర్మానికి అంటుకోని సిలికాన్ డ్రెస్సింగులు, కొలతకు కుట్టిన చేతి తొడుగులు, రాత్రిపూట వేళ్లను చాపి పెట్టే స్ప్లింటులు. ఇవన్నీ చేతి థెరపిస్టులూ నర్సులూ తల్లులూ కలిసి నేర్చుకున్నవి. 1978లో బ్రిటన్‌లో ఫిలిస్ హిల్టన్ అనే తల్లి ఈబీ కుటుంబాల కోసం తన కూతురి పేరుతో డెబ్రా సంఘం పెట్టింది. 1980లో అమెరికాలోనూ మరో తల్లి, వృత్తిరీత్యా నర్సు, ఆ సంఘాన్ని మొదలుపెట్టింది. 2022లో ఈబీ చేతుల కోసం అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువడినప్పుడు రచయితల్లో మొదటి పేరు లండన్ థెరపిస్టు రేచెల్ బాక్స్‌ది, సర్జన్‌ది కాదు. అది న్యాయమే.

మచ్చ కట్టే వేగాన్నే తగ్గించే దారులూ వెతుకుతున్నారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు బీపీకి వేసుకునే లోసార్టన్ మాత్ర, ఈ జబ్బున్న ఎలుకల్లో పాదాల వేళ్లు అతుక్కోవడాన్ని నెమ్మదింపజేసిందని జర్మనీలోని ఫ్రైబుర్గ్ బృందం 2015లో చూపింది. 2023 మేలో, పిట్స్‌బర్గ్‌కు చెందిన క్రిస్టల్ బయోటెక్ తయారుచేసిన వైజువెక్ అనే జెల్‌కు ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. సంస్థను స్థాపించినవారిలో సుమా కృష్ణన్ ఒకరు. ఆ జెల్ పుండు మీద రాస్తే లోపించిన కొలాజెన్ జన్యువును కణాలకు అందిస్తుంది. ఇప్పటికే అతుకుపడిన వేళ్లను అది విడదీయదు. ఆ పని ఇంకా సర్జన్‌దే.

ఇక మేనరికాల సంగతి. దగ్గరి సంబంధాల్లో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటే, ప్రతి తర్వాతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. జన్యుపరీక్షతో దాన్ని గర్భంలోనే తెలుసుకోవచ్చు. హైదరాబాద్ ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు జన్యువ్యాధుల నిర్ధారణ చేస్తున్నాయి. తల్లిని నిందించడానికి ఇందులో చోటే లేదు, లోపం ఇద్దరి నుంచీ వచ్చింది.

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు వైద్యులు వేసే మొదటి ప్రశ్న చేతి గురించి కాదు, ఆ చేతితో ఏం చేయాలనుకుంటున్నావని. రాయాలా, కీబోర్డు కొట్టాలా, అన్నం తనే తినాలా. దాన్నిబట్టి ఏ వేలు ఎంత చాపాలో, ఏ చేతికి ముందు చేయాలో, స్కూలు సెలవుల్లో ఎప్పుడు పెట్టుకోవాలో నిర్ణయిస్తారు. మళ్లీ చేయాల్సి రావచ్చన్న మాట కూడా ఆ రోజే చెబుతారు.