రొమ్ము కాన్సరు - శరీర బరువు, సంతాన చరిత్ర

రొమ్ము కాన్సరు స్త్రీలలో ఎక్కువగా కనిపించే కాన్సరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో సుమారు 23 లక్షల మంది స్త్రీలలో ఈ వ్యాధిని కొత్తగా గుర్తించగా, 6.7 లక్షల మంది మరణించారు. భారతదేశంలో 2012-16 కాలపు కాన్సరు నమోదు కేంద్రాల లెక్కలలో ఈ వ్యాధి రేటు హైదరాబాదు జిల్లాలో అత్యధికంగా నమోదయింది. వయసు, వంశపారంపర్యత వంటి కారణాలతో పాటు శరీర బరువు, సంతాన చరిత్ర కూడా ఈ వ్యాధి ముప్పును ప్రభావితం చేస్తాయి.

చరిత్ర

18వ శతాబ్దపు ఆరంభంలో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ, క్రైస్తవ సన్యాసినులలో రొమ్ము కాన్సరు ఎక్కువగా ఉన్నదని గమనించాడు. 1926లో ఇంగ్లండుకు చెందిన జానెట్ లేన్-క్లేపన్ వ్యాధి ఉన్న స్త్రీలను, లేని స్త్రీలను పోల్చి చూసి, తక్కువ సంతానం, ఆలస్యపు వివాహం ఈ వ్యాధితో ముడిపడి ఉన్నాయని తెలిపింది. 1970లో బ్రయాన్ మెక్‌మహన్ బృందం అనేక దేశాలలో జరిపిన అధ్యయనంలో తొలి కాన్పు నాటి వయసుకు ప్రాముఖ్యం ఉన్నట్లు తేలింది.

సంతాన చరిత్ర

ప్రతి ఋతుచక్రంలోనూ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోనుల ప్రభావం వలన రొమ్ములోని కణాలు విభజన చెందుతాయి. విభజనలు పెరిగిన కొద్దీ కణాలలో పొరపాట్లు జరిగే అవకాశం పెరుగుతుంది. అందువలన చిన్న వయసులో రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లు ఆగిపోవడం ముప్పును పెంచుతాయి. నెలలు నిండిన గర్భధారణ వలన రొమ్ము కణాలు పరిపక్వత చెందుతాయి. తల్లిపాలు ఇచ్చే కాలంలో ఋతుచక్రాలు కొంతకాలం ఆగుతాయి.

30 దేశాలలో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఒక్కొక్క కాన్పుకు ముప్పు 7 శాతం, తల్లిపాలిచ్చిన ప్రతి 12 నెలలకు మరొక 4.3 శాతం తగ్గుతుంది. అయితే కాన్పు తరువాత కొన్ని సంవత్సరాల పాటు ముప్పు తాత్కాలికంగా పెరుగుతుంది. రక్షణ ఫలితం చాలా ఏళ్ళ తరువాతనే కనిపిస్తుంది. కావున బాలింతల రొమ్ములో గడ్డ కనిపిస్తే పాల గడ్డ అని ఉపేక్షించరాదు.

గర్భస్రావం వలన రొమ్ము కాన్సరు వస్తుందన్నది అపోహ. 16 దేశాల సమాచారంతో 2004లో ప్రచురించిన విశ్లేషణలో అటువంటి సంబంధం కనిపించలేదు.

శరీర బరువు

బరువు ప్రభావం వయసును బట్టి మారుతుంది. ముట్లు ఆగిపోయిన తరువాత అండాశయాలు ఈస్ట్రోజెన్ ఉత్పత్తిని దాదాపు ఆపివేస్తాయి. అప్పుడు శరీరంలోని కొవ్వు ఈ హార్మోనుకు ముఖ్య ఆధారమవుతుంది. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము, ఇతర హార్మోనులను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అందువలన ఈ దశలో స్థూలకాయం ముప్పును పెంచుతుంది.

2008లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, శరీర ద్రవ్యరాశి సూచిక 5 పెరిగితే ముట్లు ఆగిన స్త్రీలలో ముప్పు సుమారు 12 శాతం పెరుగుతుంది. 5 అడుగుల ఎత్తు గల స్త్రీకి ఇది సుమారు 12 కిలోల బరువుకు సమానం. 12 శాతం అనగా నూటికి 12 మందికి వ్యాధి వస్తుందని కాదు. ఉదాహరణకు ఒక సమూహంలో వెయ్యి మందికి 50 మందికి వ్యాధి వచ్చేటట్లయితే, ఆ సంఖ్య 56 అవుతుంది.

ముట్లు ఆగక ముందు స్థూలకాయుల్లో ముప్పు కొద్దిగా తక్కువగా కనిపిస్తుంది. కాని చిన్న వయసులో పెరిగిన బరువు సాధారణంగా తరువాత కూడా కొనసాగుతుంది. మధుమేహం, గుండె జబ్బులు కూడా దానితో పాటు వస్తాయి. కనుక దీనిని బరువు పెరగడానికి సమర్థనగా తీసుకోరాదు.

గుర్తుంచుకోవలసిన విషయాలు

పై అంశాలు సమూహాలకు వర్తించే సగటులు మాత్రమే. పిల్లలు లేకపోవడం వలననో, పాలు ఇవ్వకపోవడం వలననో ఫలానా స్త్రీకి ఈ వ్యాధి వచ్చిందని చెప్పడానికి వీలులేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం, వ్యాధి వచ్చిన స్త్రీలలో సుమారు సగం మందికి ఆడవారు కావడం, వయసు తప్ప వేరే ప్రత్యేక ముప్పు కారణాలేవీ ఉండవు. పలుమార్లు కాన్పు అయిన సన్నని స్త్రీలకూ, అరుదుగా పురుషులకూ ఇది రావచ్చు. ముప్పు తగ్గించుకొనుటకు చిన్న వయసులో వివాహం చేయడం సరికాదు. కౌమారంలో గర్భధారణ తల్లికీ బిడ్డకూ ప్రమాదకరం.

బరువును అదుపులో ఉంచుకోవడం, వ్యాయామం, మద్యానికి దూరంగా ఉండడం, వీలైనంత కాలం తల్లిపాలివ్వడం స్త్రీల చేతిలో ఉన్న మార్గాలు. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చనుమొన లోపలికి ముడుచుకొనుట, రక్తస్రావం, చర్మంపై సొట్ట వంటి లక్షణాలు కనిపిస్తే నొప్పి లేకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. తొలిదశలో గుర్తించిన రొమ్ము కాన్సరుకు చికిత్స బాగా ఫలిస్తుంది.