వేట నుండి పెంపకానికి: ఉత్తర తెలంగాణ జలవనరులలో మత్స్యహక్కుల పరిణామం

మత్స్యకారుల వృత్తిని పల్లెలలో సూచించే మాట 'వేట'. ప్రభుత్వ పత్రాలలో స్థిరపడుతున్న మాట 'పెంపకం'. ఈ రెండింటి భేదం పద్ధతికి మాత్రమే పరిమితం కాదు. అది ఆస్తికి సంబంధించినది. వేటలో వలకు చిక్కేవరకు చేప ఎవరి సొత్తూ కాదు. పెంపకంలో పిల్లను నీటిలో వదిలిన క్షణం నుండే అది వదిలినవారి సొత్తు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో మత్స్యకార వర్గాలకూ పెట్టుబడిదారులకూ మధ్య ఏర్పడిన వైరుధ్యాన్ని ఈ భేదం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోస్తా ప్రాంతంలో 'చేపల చెరువు' అంటే చేపల కోసమే గట్లు పోసి తవ్విన చెరువు. ఉత్తర తెలంగాణలో చెరువు అంటే కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు గల ఊరుమ్మడి సేద్యవనరు. అందులోని నీటిపై మొదటి హక్కు పొలానిది. చేపలపై గంగపుత్రులకు, ముదిరాజులకు ఉన్నది యాజమాన్యం కాదు, గుత్త. 1964 నాటి సహకార సంఘాల చట్టం పరిధిలో పనిచేసిన మత్స్యకార సొసైటీలకు ఆ గుత్తలో ప్రాధాన్యం లభించింది. ఆ ప్రాధాన్యం హక్కునిచ్చింది కాని పెట్టుబడిని ఇవ్వలేదు.

పెట్టుబడి అవసరం పెరగడానికి ఒక శాస్త్రీయ కారణం కూడా ఉన్నది. 1957లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారంతో భారతీయ కార్ప్ చేపలకు ప్రేరిత ప్రజననం సాధించాడు. అంతవరకు వానకాలంలో నదులనుండి సేకరించవలసిన చేపపిల్ల అప్పటినుండి కేంద్రాలలో ఉత్పత్తయ్యే సరుకయింది. గుత్త సొమ్ము, వలల ఖర్చులతో పాటు పిల్లల ధర కూడా సొసైటీపై పడింది. ఆ మొత్తాన్ని ముందుగా ఇచ్చిన వ్యాపారి, పట్టిన చేపను తాను చెప్పిన ధరకు తీసుకొనే వీలు పొందాడు. ఆ విధంగా గుత్త సొసైటీ పేరిట నిలిచినప్పటికీ రాబడి వ్యాపారి చేతికి పోయే మార్గం ఏర్పడింది.

ఈ మార్గం ఎక్కడికి దారితీస్తుందో కొల్లేరు చరిత్ర సూచిస్తుంది. 1976 నాటి 118వ జీవో ద్వారా అక్కడి మత్స్యకారుల, నిరుపేదల సొసైటీలకు సరస్సు భూములు అప్పగించి చెరువులు తవ్వించారు. కాలక్రమంలో వాటిలో అనేకం లీజుల రూపంలో బయటి పెట్టుబడిదారుల అధీనంలోకి వెళ్ళాయి. 1999లో 120వ జీవో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. 2005-06లో చెరువుల గట్లను తొలగించినప్పుడు పేద సభ్యులు కూడా జీవనాధారం కోల్పోయారు. హక్కు పత్రం ఒక్కటే రక్షణ కాదని ఈ అనుభవం తెలుపుతున్నది.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో సమస్య మరొక రూపం దాల్చింది. కడెం, శ్రీరాంసాగర్, దిగువ మానేరు, ఎల్లంపల్లి ప్రాజెక్టులు ఊరచెరువును మించిన విశాల జలవిస్తీర్ణాన్ని సృష్టించాయి. 2016-17 నుండి రాష్ట్ర ప్రభుత్వం పూర్తి రాయితీపై చేపపిల్లలను చెరువులలో, జలాశయాలలో వదలసాగింది. సరఫరా టెండర్ల ద్వారా జరిగినందున గుత్తేదారుల పాత్ర తొలగిపోలేదు. అయినా పిల్లల ఖర్చును ప్రభుత్వమే భరించి చేపను సొసైటీలకు వదలడంవల్ల, పెంపకంలో కూడా వేటహక్కు నిలిచే అవకాశం కలిగింది.

దీనికి భిన్నమైన నమూనా మధ్య మానేరు జలాశయం విషయంలో ముందుకు వచ్చింది. పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఈ జలాశయంలో ఫిష్‌ఇన్ సంస్థ 1,000 కోట్ల రూపాయల పెట్టుబడితో చేపల పెంపకం చేపడుతుందని 2022లో ప్రకటించారు. ఉత్పత్తి, ఎగుమతి, ఉపాధి దీనికి చూపిన ప్రయోజనాలు. ఇవి ఉపేక్షించదగినవి కావు. కాని పంజరాలలో పెంచే పద్ధతిలో జలాశయంలోని కొంత భాగం ఆవరణగా మారుతుంది. లోపలి చేప సంస్థది. ఆవరణ చుట్టూ వల విసరడానికి మత్స్యకారునికి చోటు తగ్గుతుంది. అతనికి దొరికేది ఉద్యోగమే అయినా, పోయేది హక్కు. ఈ రెండూ సమానమైనవి కావు. పైగా ఈ జలాశయం కోసం ఊళ్ళు మునిగాయి. ఆ నీటిపై నిర్వాసితులకు నైతికమైన వాటా ఉన్నది.

సొసైటీ సభ్యత్వం విషయంలో గంగపుత్రులకూ ముదిరాజులకూ మధ్య కొనసాగుతున్న వివాదం ఈ ప్రశ్నను మరుగుపరుస్తున్నది. గుత్త ఎవరిదన్న తగాదాలో, గుత్తకు లోబడని జలభాగం ఎవరిదన్న ప్రశ్న వెనుకబడుతున్నది.

ఉత్తర తెలంగాణ మత్స్యకారుల ఘర్షణను ఆధునిక పద్ధతులపై సంప్రదాయం చూపే అయిష్టతగా వ్యాఖ్యానించడం సరికాదు. పెంపకాన్ని వారు నిరాకరించలేదు. వదిలిన పిల్లలను పెంచి పట్టుకుంటూనే ఉన్నారు. పిల్లను వదిలేది ఎవరు, నీటిని ఆవరించేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. సొసైటీకి పెట్టుబడిని సమకూర్చకుండా హక్కును మాత్రమే ఇచ్చిన విధానం వ్యాపారికి దారి ఇచ్చింది. హక్కును పక్కనపెట్టి పెట్టుబడిని మాత్రమే ఆహ్వానించే విధానంలో 'వేట' అనే మాటతో పాటు ఆ మాట వెనుక ఉన్న ఉమ్మడి హక్కు కూడా కనుమరుగయ్యే ప్రమాదమున్నది.