వంశములో వచ్చు వ్యాధి - సంతాన విజ్ఞానము - మన ధర్మము

ఉగాదినాడు వేపపూత పచ్చడి తిని, పంచాంగ శ్రవణము చేసి, సాయంకాలమునకు పెండ్లి సంబంధముల మాటలలో దిగుట మనవారి అలవాటు. ఊరు విడిచి వచ్చినను దీనిని విడువలేదు. గోత్రము, నక్షత్రము, నాడి చూచుచున్నాము. ఇప్పుడు వీనికి తోడు రక్తపరీక్ష చీటియు వచ్చి చేరినది. గత సంవత్సరము మా ఎరుకలోని ఒక సంబంధము ఆ చీటివలననే తప్పిపోయినది. పిల్ల రక్తములో కొడవలి కణ లక్షణము కలదట. పిల్లవానికి పరీక్షయే చేయింపలేదు! ఆ పిల్ల తండ్రి ముఖము చూచిన నాటినుండి ఈ విషయమును గూర్చి చదువుచు, పెద్దలను అడిగి తెలిసికొనుచు వచ్చితిమి. మేము వైద్యులము కాము, రైల్వే గుమాస్తాలము. తెలిసినంత మనవి చేయుచున్నాము.

ఈ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీకి ముందు విశాఖపట్నం జిల్లాలోని జయపురము సంస్థానపు భూమి. ఆ దినమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా కోరాపుట్ జిల్లా అందు చేరినది. 1992లో రాయగడ వేరు జిల్లా అయినది. ఇచ్చటికి బదిలీ యనగానే మన పెద్దలు భయపడినది మన్యపు జ్వరమునకు, అనగా మలేరియాకు. ఆ జ్వరమునకును ఈ కొడవలి కణమునకును చుట్టరికము కలదు.

గుండ్రముగా ఉండవలసిన ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో అడ్డుపడి, ఎముకల నొప్పులు, రక్తహీనత కలిగించుట ఈ జబ్బు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, ఇట్లు రెండు లోపపు జన్యువులు వచ్చిన బిడ్డకే ఈ జబ్బు. ఒక్కటే వచ్చినవారు వాహకులు. వారు సాధారణముగా ఆరోగ్యవంతులే. 1954లో ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు, ఇట్టి వాహకులకు మలేరియానుండి కొంత రక్షణ కలదని తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి చూపెను. మనము మచ్చ యనుకొనునది, జ్వరపు సీమలలో తరతరములుగా పసిబిడ్డలను కాపాడిన కవచమన్నమాట!

ఇట్టి ఊహనే వేరొక రక్తవ్యాధిని గూర్చి 1949లో ప్రకటించినవారు హాల్డేన్ పండితుడు. ఇంగ్లండులో పుట్టిన ఆయన 1957లో భారతదేశమునకు వచ్చి, 1962నుండి భువనేశ్వరములో నివసించి, 1964 డిసెంబరు 1న అక్కడనే కన్ను మూసిరి. తమ దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు వ్రాసి యిచ్చిరి. ఆయన శిష్యులు, పిఠాపురమువారు, ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆంధ్రదేశపు మేనరికములను పరిశోధించిరి. మేనరికపు దంపతులకు పూర్వులు ఒక్కరే గనుక, దాగియున్న లోపము ఇరువైపులనుండి బిడ్డకు చేరు అవకాశము హెచ్చు. ఇది ఇతరులకు చెప్పు మాట కాదు. మా యింటి ఇల్లాలు మా మేనమామగారి కుమార్తెయే.

ఆ హాల్డేన్‌గారే 1923లో కేంబ్రిడ్జి ప్రసంగమున, శిశువు తల్లిగర్భము వెలుపల పెరుగు కాలమును ఊహించిరి. అంత కాకపోయినను, 1978 జూలై 25న ఇంగ్లండులోను, అక్టోబరు 3న డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయగారి కృషివలన కలకత్తాలోను, గర్భము వెలుపల ఏర్పడిన పిండములు శిశువులై జన్మించినవి. ఆ 1978లోనే అమెరికాలో గర్భస్థ శిశువునకు కొడవలి వ్యాధి కలదో లేదో జన్యుపరీక్షతో తెలిసికొనిరి. 1990లో లండనులో పిండపు కణమును ముందుగా పరీక్షించి, వంశవ్యాధి భయము లేని పిండమునే తల్లిగర్భమున నిలిపిరి.

దంపతు లిద్దరును వాహకులైనచో, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక పాలు జబ్బు భయము. ఒక బిడ్డ బాధను కన్నులార చూచిన తల్లికి ఈ విద్య వరమే. కాని ఆ వరము ఎవరి చేతిలో ఉండవలెను?

జర్మనీలో 1933నాటి చట్టముతో, వంశశుద్ధి పేరిట, సుమారు 4 లక్షలమందిని బలవంతముగా సంతానహీనులను చేసిరి. ఇట్టి నిర్బంధములను హాల్డేన్‌గారు 1938లో గ్రంథము వ్రాసి ఖండించిరి. అమెరికాలో 1970 ప్రాంతమున నల్లజాతివారికి కొడవలి కణ పరీక్షను కొన్ని రాష్ట్రములు నిర్బంధము చేయగా, ఆరోగ్యవంతులైన వాహకులు కూడ ఉద్యోగములలో, బీమాలో నష్టపోయిరి. మన దేశములో గర్భస్థ శిశువు ఆడయో మగయో తెలిసికొనుటకే ఈ విద్యను వాడుకొనిరి. అందుకే 1994లో చట్టము వచ్చినది. వ్యాధిని తెలిసికొనుటకు పరీక్ష చేయవచ్చును. ఆడ, మగ తెలుపుట నేరము.

2023 జూలై 1న భారత ప్రభుత్వము కొడవలి కణ నిర్మూలన ఉద్యమమును ప్రారంభించినది. ఒడిశాయు అందు చేరినది. 7 కోట్లమందికి పరీక్షలు చేసి చీటీలిచ్చుట ఆశయము. మంచిదే. కాని నిర్మూలింపవలసినది వ్యాధిని, మనిషిని కాదు.

కావున మా మనవి యిది. పరీక్ష పిల్లకును, పిల్లవానికిని, ఇద్దరికిని చేయించుడు. ఒకరు వాహకులై, రెండవవారి రక్తములో ఇట్టి దోషము లేవియు లేనిచో బిడ్డలకు ఈ జబ్బు రాదు. ఇద్దరును వాహకులైనచో వైద్యుని సలహా వినుడు. ఆపై నిర్ణయము ఆ దంపతులది, అందును మోయవలసిన తల్లిది. అత్తమామలది కాదు, అధికారులది కాదు. పరీక్షలు చేయించుకొన్న తల్లిని పాపాత్మురాలనవద్దు. వద్దని బిడ్డను కన్న తల్లిని మూర్ఖురాలనవద్దు. జబ్బుతో పుట్టిన బిడ్డకు హైడ్రాక్సీయూరియా వంటి మందులు కలవు. మన బడిలో, మన పంక్తిలో, ఆ బిడ్డకు పూర్తి చోటు ఉండవలెను. నీవు పుట్టకున్న బాగుండెడిదని ఆ బిడ్డ చెవిని పడు మాట ఏ జబ్బుకంటెను క్రూరమైనది.

మేమును మా ఇల్లాలును పరీక్ష చేయించుకొంటిమి. చీటిలో ఏమున్నదో ఇచట చెప్పము. అది దాచవలసిన తప్పై కాదు; చెప్పుట, చెప్పకుండుట మా ఇద్దరి హక్కు గనుక. తప్పిపోయిన ఆ సంబంధములో పిల్లకు దక్కనిది ఆ హక్కే. ఈ ఉగాదికి సంబంధములు చూచువారు ఆమెను ఒక్కమారు తలచుకొందురు గాక!