పాత ఇండ్లు – కొత్త నిబంధనలు : ముంబయి చరిత్ర చెప్పే పాఠం

ముంబయి నగర నిర్మాణంలో తెలుగువారి చెమట ఉన్నది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ నుండి వలస వచ్చిన కామాఠీలు నాటి బొంబాయిలో కట్టడాల పనులు చేశారు. కామాఠీపురా అనే పేరు వారి వల్ల ఏర్పడినదే. అటువంటి శ్రామికుల చేతులమీదుగా లేచిన టేకు దూలాల ఇండ్లను నిలుపుకొనడానికి చట్టం ఎట్లా మారిందో తెలుసుకొనదగిన విషయం.

1947 నాటి అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయిలోనే నిలిపివేసింది. పేదలకు నీడ దక్కింది. కాని ఆ కొద్దిపాటి అద్దెతో మరమ్మతులు చేయించడానికి యజమానులు ముందుకు రాలేదు. వానకాలం వస్తే ఇండ్లు కూలసాగాయి. అందుచేత 1969 చట్టం ద్వారా ప్రభుత్వం మరమ్మతుల మండలిని ఏర్పరచి, పాత ఇండ్లపై ప్రత్యేక పన్ను విధించింది.

అయితే మరమ్మతులోనూ ఒక చిక్కు ఉన్నది. భవన నిబంధనలు ప్రధానంగా కొత్తగా కట్టబోయే ఇండ్ల కోసం వ్రాసినవి. మెట్ల వెడల్పు, వీధికి విడువవలసిన స్థలం వంటి కొలతలను అక్షరాలా అమలు జరిపితే పాత ఇంటిని పడగొట్టడమే మిగులుతుంది. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత పూస్తే తేమ బయటికి పోలేక గోడ చెడుతుంది. మరొకవైపు, లావాటి టేకు దూలం మంటలో పైపైన బొగ్గుగా మారినా, లోపలి బలాన్ని కొంతసేపు నిలుపుకొంటుంది. కనుక పాతదంతా ప్రమాదకరమనడం సరికాదు.

ఈ చిక్కును గుర్తించి 1995లో వారసత్వ కట్టడాల నిబంధన అమలులోనికి వచ్చింది. కట్టడాలను మూడు శ్రేణులుగా విభజించారు. మొదటి శ్రేణికి కట్టుబాట్లు కఠినం. మూడవ శ్రేణిలో మార్పులకు ఎక్కువ వీలున్నది. పరిరక్షణకు అవసరమైతే, వారసత్వ సంఘాన్ని సంప్రదించి, ప్రభుత్వ ఆమోదంతో ఇతర భవన నిబంధనలను సడలించే అధికారం మునిసిపల్ కమిషనరుకు లభించింది.

సడలింపు అంటే ఉపేక్ష కాదు. 2017 ఆగస్టు 31న భెండీ బజారులో నూరేండ్లు దాటిన హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా మరణించారు. మెట్లను వెడల్పు చేయలేనిచోట మంటను ముందుగా తెలిపే గంట, బయటపడడానికి రెండవ దారి, పుచ్చిన దూలానికి బదులు గట్టి దూలం ఉండవలెను. కొలత మారవచ్చును, ప్రాణరక్షణ అనే లక్ష్యం మారరాదు. పూర్వుల చేతిపనిని గౌరవించడమంటే ముందుగా ఆ కప్పు క్రింద నిద్రించే బిడ్డలను కాపాడడమే.